స్లాషర్ గేర్ ఆయిల్ మార్చాల్సింది తొలకరికి ముందు కాదు, వానలు వెళ్లాక

మా వైపు రైతులకు ఒక అలవాటుంది. రోహిణి కార్తె ఎండల్లో తీరిగ్గా స్లాషర్ని, అంటే ట్రాక్టరు వెనక తగిలించి గడ్డి కోసే పనిముట్టుని, షెడ్డు బయటికి లాగి, బ్లేడ్లు సాన పట్టించి, గేర్ బాక్సులో కొత్త ఆయిల్ పోసి, మృగశిర వానలకి సిద్ధం చేసుకుంటారు. అలవాటు మంచిదే. కాకపోతే ఆ పని ఆరు నెలలు ఆలస్యంగా చేస్తున్నారు.

నేను చింతలపూడి దగ్గర ట్రాక్టరు పనిముట్లు బాగుచేసే షెడ్డు నడుపుతాను. చుట్టూ పామాయిల్ తోటలు, అటు నూజివీడు దాకా మామిడి. మొక్కకీ మొక్కకీ 9 మీటర్లు వదిలి వేసే పామాయిల్ తోటలో వరసల మధ్య గడ్డి అణచాలంటే ట్రాక్టరు వెనక స్లాషర్ తప్పదు. వానాకాలం నాలుగు నెలలూ అది తడి గడ్డిలోనే తిరుగుతుంది. కార్తీకం వచ్చాక గడ్డి జోరు తగ్గుతుంది, స్లాషర్ని శుభ్రంగా కడిగి షెడ్డులో ఓ మూల పెట్టేస్తారు. అప్పటికే బాక్సులోకి ఎంతో కొంత నీరు చేరి ఉంటుంది. నీరు ఆయిల్ కంటే బరువు కాబట్టి మెల్లగా అడుగుకి దిగుతుంది. అడుగున ఉండేది కింది బేరింగు. జూన్ దాకా అది ఆ నీళ్లలోనే నానుతుంది. ఆ తర్వాత మీరు ఎంత ఖరీదైన ఆయిల్ పోసినా, బేరింగు గుండ్ల మీద పడిపోయిన తుప్పు మచ్చలు పోవు. సీజను మొదలైన కొన్నాళ్లకి గుయ్యిమని శబ్దం మొదలవుతుంది. "మొన్ననే ఆయిల్ మార్చాను మేస్త్రీ, అయినా ఇలా అయిందేంటి?" అని నా దగ్గరికి తెచ్చేవాళ్లలో ఎక్కువమందిది ఇదే కథ.

అందుకని ఆయిల్ మార్చే పని స్లాషర్ని మూలన పెట్టేముందు చేయండి. మళ్లీ తొలకరికి లెవెలు ఒకసారి చూసుకుంటే సరిపోతుంది.

ఈ బాక్సు చేసే పనేంటో ఒక్క మాటలో చెబుతాను, తర్వాతి సంగతులకి అవసరం. ట్రాక్టరు పీటీఓ, అంటే ఇంజను శక్తిని వెనక పనిముట్టుకి అందించే షాఫ్టు, నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. అడ్డంగా వచ్చే ఆ తిప్పుడుని గేర్ బాక్సు నిలువుకి మళ్లించి, వేగం కూడా పెంచుతుంది. నిష్పత్తి 1:1.93 ఉన్న బాక్సయితే కింద బ్లేడ్లు నిమిషానికి వెయ్యి చుట్లు దాటిపోతాయి. లోపల ఉండేవి ఈ మళ్లింపు పని చేసే రెండు బెవెల్ గేర్లు, వాటిని పట్టుకునే బేరింగులు, ఆయిల్ కారకుండా ముందు ఒకటి, కింద ఒకటి రబ్బరు సీళ్లు, పైన గాలి పోవడానికి ఒక బ్రీదరు. వీటన్నిటినీ కాపాడేది చాలా బాక్సుల్లో లీటరుకీ రెండు లీటర్లకీ మధ్య ఉండే ఆయిల్. ఇంజను ఆయిల్‌కి ఉన్నట్టు దీనికి ఫిల్టరు ఉండదు. లోపలికి వెళ్లిన చెత్త మనం తీసేదాకా అక్కడే తిరుగుతూ ఉంటుంది.

ముందు చల్లగా ఉన్నప్పుడు చూడండి

అందరూ చెప్పేది "ఇంజను స్టార్ట్ చేసి, ఆయిల్ వేడెక్కాక వదలండి" అని. అది నిజమే, కానీ అది రెండో మెట్టు. స్లాషర్ రాత్రంతా కదలకుండా ఉన్నాక, పొద్దున్నే ఏమీ తిప్పకముందే అడుగు నుంచి కొంచెం ఆయిల్ తీసి చూడాలి. వేడి చేసి తిప్పేశారంటే నీరు, ఆయిల్ కలిసిపోతాయి, అడుగున ఎంత నీరుందో ఇక తెలియదు.

మీ బాక్సుకి అడుగున డ్రెయిన్ బోల్టు ఉంటే అదృష్టం. దాన్ని పూర్తిగా తీయకుండా పానాతో కొద్దిగా వదులు చేసి, ముందుగా వచ్చే నాలుగు చుక్కలు ఒక గాజు సీసాలో పట్టండి. డ్రెయిన్ బోల్టు లేని స్లాషర్లే ఎక్కువ. బాక్సు డెక్కు మీద, అంటే బ్లేడ్ల పైన కప్పే రేకు మీద కూర్చుని, షాఫ్టు కిందికి దిగిపోతుంది కాబట్టి అడుగున బోల్టుకి చోటుండదు. అలాంటప్పుడు పై మూత తీసి సన్నటి పారదర్శకమైన గొట్టాన్ని గేరు పక్కనుంచి అడుగు తగిలేదాకా దింపి, పెద్ద సిరంజితో లాగాలి. పశువులకి వాడే సైజు సిరంజి మందుల షాపులో దొరుకుతుంది. గొట్టం గేరు పళ్లకి తగిలి ఆగిపోతే బలవంతం చేయకండి, పీటీఓ షాఫ్టుని చేత్తో కాస్త తిప్పి సందు చూసుకోండి.

సీసాలో పట్టిన ఆయిల్ చెప్పే సంగతులు చాలా ఉంటాయి. నల్లగా ఉండి పారదర్శకంగా మెరుస్తుంటే అది వయసైపోయిన ఆయిల్, అంతే. కాఫీలో పాలు ఎక్కువైన రంగులో ఉంటే నీరు కలిసినట్టే. అనుమానంగా ఉంటే పనికిరాని రేకు ముక్కని బాగా కాల్చి దాని మీద రెండు చుక్కలు వేయండి. చిటపటలాడితే నీరుంది, చప్పుడు లేకుండా పొగ వస్తే లేదు. ఇంట్లో దోసెల పెనం మీద మాత్రం వద్దు, ఆ వాసన వారం రోజులు వదలదు, ఆ తర్వాత జరిగేవాటికి నాది పూచీ కాదు.

మాడిన వాసన వస్తే ఆయిల్ తక్కువగా ఉండి బాక్సు కాలిపోయిందని అర్థం. కొత్త గేర్ ఆయిల్‌కి కూడా గంధకం వల్ల ఓ రకమైన ఘాటు ఉంటుంది, దాన్ని మాడు వాసన అనుకోకండి. కొత్త డబ్బా మూత తీసి ఒకసారి పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది.

తర్వాత అయస్కాంతం. పాడైన స్పీకరులోది ఒక ముక్క తీసుకుని, పాలిథిన్ కవరులో చుట్టి ఆయిల్‌లో తిప్పండి. కాటుకలాంటి బూడిదరంగు మెత్తటి పేస్టు అంటుకుంటే కంగారు లేదు, గేర్లు ఒకదానితో ఒకటి ఒరుసుకుంటే అంతమాత్రం వస్తుంది. చేతికి గరుకుగా తగిలే పొట్టు, గోరంత పలుకులు వస్తే పన్ను విరిగింది లేదా బేరింగు గుండు చితికింది. పసుపు రంగులో మెరుస్తూ అయస్కాంతానికి అంటనివి కనిపిస్తే అవి చాలాసార్లు బేరింగు గుండ్లని పట్టి ఉంచే ఇత్తడి బోనుముక్కలు. ఈ రెండు సందర్భాల్లోనూ ఆయిల్ మార్చి ఊరుకోవడం దండగ. బాక్సు విప్పాల్సిందే.

సెకండ్ హ్యాండ్‌లో కొన్న స్లాషరయితే ఇంకొకటి వెతకండి: రంపపు పొట్టు. గేర్ల చప్పుడు వినపడకుండా పొట్టు కలిపి అమ్మేవాళ్ల పాత ఎత్తు ఇది. ఆయిల్‌లో పిప్పిలా తేలుతుంది. అదీ కాకపోతే మరీ జిగటగా, తేనెపాకంలా సాగే చిక్కటి ఆయిల్ పోసి శబ్దం అణుస్తారు. కొనేముందే పై మూత తీయించి, గొట్టంతో ఇంత లాగి చూసే రైతుని ఎవరూ మోసం చేయలేరు.

వేడి చేసి వదలడం

చూడటం అయ్యాక ట్రాక్టరు స్టార్ట్ చేసి, బ్లేడ్లు నేలకి తగలనంత ఎత్తులో, ఖాళీ చోట, మనుషులూ పశువులూ దూరంగా ఉన్నారని చూసుకుని, పీటీఓని తక్కువ వేగంలో పది నిమిషాలు తిప్పండి. ఆయిల్‌లో పలుకులు వచ్చాయంటే ఈ పని కూడా వద్దు, చల్లగా ఉండగానే తీసేయండి.

ఆ తర్వాత పీటీఓ లివరు తీసి, ఇంజను ఆపి, తాళం చెవి జేబులో వేసుకోండి. చెవి బండికే ఉంచి "ఎవరు ముట్టుకుంటారులే" అనుకోవద్దు, ఇంట్లో పిల్లలుంటారు. బ్లేడ్లు పూర్తిగా ఆగేదాకా దిగకండి, ఇంజను ఆపాక కూడా అవి చాలాసేపు తిరుగుతాయి. లుంగీ, మెడలో తువ్వాలు పక్కన పెట్టి ప్యాంటు వేసుకుని రండి. పీటీఓ షాఫ్టు గుడ్డని పట్టుకుందంటే మనిషిని లాక్కోవడానికి రెప్పపాటు చాలు.

స్లాషర్ కిందికి దూరాల్సి వస్తే హైడ్రాలిక్‌ని నమ్మకండి. నాలుగు మూలలా గట్టి దుంగలు పెట్టి, వాటి మీదికి స్లాషర్ని దించి, అటూ ఇటూ ఊపి చూశాకే చెయ్యి లోపల పెట్టాలి. ఇటుకలు పనికిరావు, పగిలిపోతాయి. మా దగ్గర సరుగుడు దుంగలు కోయించి పెట్టుకున్నాం, ఖర్చు లేదు.

డ్రెయిన్ బోల్టు ఉన్నవాళ్లకి పని తేలిక. ముందు పై మూత తీయాలి, లేకపోతే గాలి ఆడక ఆయిల్ గుక్కగుక్కగా వస్తుంది. ఆ తర్వాతే కింద బోల్టు. తీసిన బోల్టుని వాషరుతో సహా ఒక గిన్నెలో వేసుకోండి, గడ్డిలో పడితే దొరకదు. బోల్టు లేనివాళ్లు స్లాషర్ని ఒక పక్కకి వాలేలా దుంగలు సర్ది, ఆయిల్ ఒక మూలకి చేరాక సిరంజి గానీ, ఆయిల్ షాపుల్లో దొరికే చేతి పంపు గానీ పెట్టి లాగాలి. వేడి ఆయిల్ అయితేనే గొట్టంలోకి వస్తుంది, చల్లారిందంటే సిరంజి పిస్టన్ లాగలేక బొటనవేలు వాస్తుంది. గొట్టం చివర అడుగునే ఉండాలి. మధ్యలో ఉంచి లాగితే మంచి ఆయిల్ బయటికొచ్చి, నీరూ మడ్డీ లోపలే మిగిలిపోతాయి.

వచ్చిన ఆయిల్ ఎంతుందో ఒక లీటరు కొలతడబ్బాలో కొలవండి. రెండు లీటర్లు ఉండాల్సిన దాంట్లోంచి అరలీటరే వచ్చిందంటే, మీరు వెతకాల్సింది కారుడు ఎక్కడుందా అని.

ఫ్లషింగ్ అందరికీ అక్కర్లేదు

వచ్చిన ఆయిల్ నల్లబడినా శుభ్రంగా ఉంటే ఫ్లషింగ్, అంటే బాక్సు లోపల కడగడం, చేయకండి. వేడి మీద బాగా వదిలి, పావుగంట ఓపిగ్గా కారనిచ్చి కొత్తది పోయడమే మేలు. అనవసరంగా డీజిలు పోసి కడిగితే, ఆ డీజిలు బేరింగు సందుల్లో కొంత ఉండిపోయి కొత్త ఆయిల్‌ని పల్చన చేస్తుంది. బాగు చేయబోయి చెడగొట్టినట్టే.

నీరు కలిసి పాలరంగుకి వచ్చిన బాక్సుకి ఫ్లషింగ్ కావాలి. దీనికి నేను వాడేది చవకరకం 20డబ్ల్యూ-40 ఇంజను ఆయిల్. ఇంజను ఆయిల్‌లో మురికిని పట్టి తేలేసుకునే గుణం ఉంటుంది, కొంచెం తేమని కూడా కలుపుకుని బయటికొస్తుంది. మామూలు లెవెలులో సగం పోసి, పీటీఓని తక్కువ వేగంలో, కోతపని ఏమీ లేకుండా ఐదు నిమిషాలు తిప్పి, వేడి మీదే తీసేయండి. మళ్లీ పాలరంగే వస్తే ఇంకోసారి. రంగు మారి గోధుమవర్ణంలోకి వస్తే చాలు.

ఇక్కడ ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. గేర్ ఆయిల్ 90 నంబరు కదా, 40 నంబరు ఇంజను ఆయిల్ మరీ పల్చన కాదా అని. కాదు. గేర్ ఆయిల్ నంబర్ల కొలత వేరు, ఇంజను ఆయిల్ నంబర్ల కొలత వేరు. 90 నంబరు గేర్ ఆయిల్ చిక్కదనం దాదాపు 40, 50 నంబరు ఇంజను ఆయిల్ దగ్గరే ఉంటుంది. తేడా చిక్కదనంలో లేదు, గేరు పళ్ల మధ్య విపరీతమైన ఒత్తిడి తట్టుకునే మందులు ఇంజను ఆయిల్‌లో అంతగా ఉండవు. అందుకే కడగడానికి పనికొస్తుంది, ఉంచడానికి పనికిరాదు.

మడ్డి పేరుకుపోయి, పొట్టు కలిసి, లేదా ఎవరో గ్రీజు కుక్కిన బాక్సయితే డీజిలు తప్పదు. పీటీఓ షాఫ్టుని ట్రాక్టరు నుంచి విడదీయండి. అరలీటరు, ముప్పావు లీటరు డీజిలు పోసి, షాఫ్టు చివర ఉండే యోకు పట్టుకుని చేత్తో తిప్పండి. కింద బ్లేడ్లు తిరుగుతాయి కాబట్టి అక్కడెవరూ ఉండకూడదు. డీజిలుతో పీటీఓ మీద మాత్రం తిప్పకండి. డీజిలు పొర గేరు పళ్లని కాపాడలేదు, నిమిషంలో పళ్ల ముఖాలు గీకుకుపోతాయి. పెట్రోలు అసలు వద్దు, మూసిన బాక్సులో పెట్రోలు ఆవిరంటే నిప్పుతో చెలగాటం. కిరోసిన్‌కీ డీజిలుకీ పెద్ద తేడా లేదు, దొరికినది వాడండి.

డీజిలు తీసేశాక రాత్రంతా మూతలు తీసి వాలుగా ఉంచండి, పైన పలచటి గుడ్డ కప్పి. పొద్దున్నే కొత్త గేర్ ఆయిల్ పావులీటరు పోసి, చేత్తో తిప్పి, ఆ పావులీటరునీ తీసి పారేయాలి. ఈ పావులీటరు దగ్గర పిసినారితనం చూపించేవాళ్లని చాలామందిని చూశాను. రెండు లీటర్ల ఆయిల్ కొని, కడగడానికి పావులీటరు వదలలేరు.

అసలు నీరెలా వచ్చింది?

ఫ్లషింగ్ ఎంత బాగా చేసినా, నీరు వచ్చిన దారి మూయకపోతే వచ్చే నెలకి మళ్లీ అదే రంగు. నాకు తెలిసినంతలో దారులు ఎక్కువ లేవు.

అన్నిటికన్నా పెద్దది కడగడం. తోటలోంచి రాగానే, బాక్సు మీద చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉండగానే వాటర్ సర్వీసింగు గన్నుతో చల్లటి నీళ్లు కొడతారు. వేడి బాక్సు ఒక్కసారిగా చల్లారితే లోపలి గాలి ముడుచుకుంటుంది, బయటి నుంచి గాలిని లాగుతుంది. ఆ సమయంలో బ్రీదరు మీదా, సీలు మీదా ఉన్నది నీళ్లే కదా. అదే లోపలికి పోతుంది. గంటసేపు ఆరనిచ్చి కడగండి. గన్ను బ్రీదరు వైపుకి, షాఫ్టు మొదలు వైపుకి తిప్పకండి.

రెండోది కింది సీలు. దీన్ని చంపేది గడ్డి కాదు, మనం తోటలో వదిలేసిన వస్తువులు. డ్రిప్పు లేటరల్ పైపు ముక్కలు, ఎరువుల బస్తా కుట్టిన దారం, ప్లాస్టిక్ సుతిలి, కంచెలోంచి ఊడిన తీగ. బ్లేడ్లు వాటిని లాక్కుని షాఫ్టుకి చుడతాయి. చుట్టుకున్నది తిరుగుతూ తిరుగుతూ పైకెక్కి, సీలు పెదవిలోకి దూరి కోసేస్తుంది. వారానికోసారి దుంగలు పెట్టుకుని కింద చూసి, చుట్టుకున్నదాన్ని కత్తితో కోసి తీసేయండి. సీజనంతా మీరు చేసే పనుల్లో ఇంతకన్నా లాభమైంది లేదు.

సీలు మార్చాల్సి వస్తే పాత సీలు మీద నంబర్లుంటాయి, ఉదాహరణకి 40 62 10 అని. షాఫ్టు మందం 40 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 62, వెడల్పు 10. ఆ నంబరు చెబితే ఏ బేరింగుల షాపువాడైనా ఇస్తాడు, మీ స్లాషర్ కంపెనీ పేరు కూడా అడగడు. కొత్త సీలు బిగించేముందు షాఫ్టు మీద సీలు తగిలే చోట గోటితో గీయండి. గాడి తగిలితే కొత్త సీలు కూడా కారుతుంది. సన్నటి గాడయితే సీలుని ఒకటి రెండు మిల్లీమీటర్లు ఇటో అటో జరిపి కూర్చోబెట్టి కొత్త చోట తగిలేలా చేయొచ్చు. లోతు గాడయితే షాఫ్టుని లేతు మెషీను దగ్గరికి తీసుకెళ్లాలి. ఇంకొకటి, షాఫ్టుని పట్టుకుని పక్కలకి ఊపి చూడండి. లొడలొడలాడితే బేరింగు పోయినట్టు. బేరింగు మార్చకుండా సీలు మార్చడం నీళ్లలో డబ్బులు వేసుకోవడమే. పైనుంచి ఎంసీల్ ముద్ద పెట్టి తెచ్చే బాక్సులూ చూస్తుంటాను. తిరిగే షాఫ్టు పక్కన అది నిలవదు.

మూడోది బ్రీదరు, దీని కథ తమాషాగా ఉంటుంది. ఎవరో ఆయిల్ ఎక్కువ పోస్తారు. ఎక్కువైన ఆయిల్ గేర్లకి చిలికి నురగై బ్రీదరులోంచి కక్కుతుంది. రైతు చూసి, "ఇక్కడ కారుతోంది" అని బ్రీదరు పీకి బోల్టు బిగిస్తాడు. ఇక వేడెక్కిన గాలికి దారి లేదు. లోపల ఒత్తిడి పెరిగి సీలులోంచి ఆయిల్‌ని తోసేస్తుంది. ఆయిల్ తగ్గి బాక్సు కాలుతుంది. ఎక్కువ పోయడంతో మొదలైన కథ తక్కువై కాలిపోవడంతో ముగుస్తుంది. బ్రీదరుని తీసి డీజిల్లో నానబెట్టి, నోటితో కాదు, టైర్లకి గాలికొట్టే పంపుతో ఊదండి. గాలి అటూ ఇటూ పోవాలి.

ఏ ఆయిల్, ఎంత

బాక్సు మీద పలక ఉన్నా, పుస్తకం ఉన్నా అందులో రాసిందే పోయండి. ఏదీ లేకపోతే ఇలాంటి బెవెల్ బాక్సులకి ఈపీ 90, అంటే ఎక్కువ ఒత్తిడి తట్టుకునే 90 నంబరు గేర్ ఆయిల్, సరిపోతుంది. ఎండాకాలంలో గంటల తరబడి బరువు పని చేసేవాటికి 85డబ్ల్యూ-140 వాడతారు. 80డబ్ల్యూ-90లో ముందుండే 80 చలికి సంబంధించిన లెక్క, మనకి దాంతో పెద్దగా పనిలేదు. జీఎల్-4, జీఎల్-5 అని డబ్బా మీద ఉంటుంది, అది ఒత్తిడి తట్టుకునే మందుల స్థాయిని చెప్పే గుర్తు. గేర్లు రెండూ ఉక్కువే అయిన బాక్సులో జీఎల్-5 పోసినా ఏం కాదు. కంచు చక్రం ఉన్న వార్మ్ గేరు బాక్సయితే మాత్రం, జీఎల్-5లో ఉండే గంధకం మందులు రాగి జాతి లోహాలని తినేసే ప్రమాదం ఉంది. అక్కడ పుస్తకం చూడకుండా ఏదీ పోయకండి.

ట్రాక్టరు వెనక బాక్సులో పోయగా మిగిలిన ఆయిల్ ఇందులో పోసే అలవాటు మానుకోవాలి. దాన్ని హైడ్రాలిక్‌కీ బ్రేకులకీ కలిపి తయారు చేస్తారు, దాని లెక్క వేరు. కారుతోంది కదా అని ఆయిల్‌కి బదులు మామూలు గ్రీజు కుక్కడం ఇంకా తప్పు. గేరు తిరిగేకొద్దీ గ్రీజుని పక్కకి నెట్టి, ఖాళీ గాడిలో ఒట్టిగా తిరుగుతుంది. గోడలకి గ్రీజు దండిగా ఉంటుంది, పళ్లకి ఉండదు.

బోల్టులు శుభ్రంగా తుడిచి, వాషరు నలిగితే మార్చి, మరకి టెఫ్లాన్ టేపు రెండు చుట్లు చుట్టి బిగించండి. పోతపోసిన బాక్సు, పానాకి పైపు తొడిగి బిగిస్తే చీలుతుంది. గరాటులో పలచటి గుడ్డ అడ్డం పెట్టి ఆయిల్ పోయండి. స్లాషర్ సమంగా నేల మీద ఉండాలి. పక్కన ఉన్న లెవెలు బోల్టు తీసి ఉంచి, అందులోంచి ఆయిల్ సన్నగా కారడం మొదలైన క్షణాన ఆపేయండి. చిక్కటి ఆయిల్ నిదానంగా సర్దుకుంటుంది, ఐదు నిమిషాలాగి మళ్లీ చూసి కావాలంటే కొంచెం పోయండి. లెవెలు బోల్టు లేని బాక్సుల్లో అడ్డషాఫ్టు సగం మునిగేదాకా పోసి ఆపడం మా షెడ్డులో పద్ధతి. నిండుగా పోస్తే మంచిదనే భ్రమ వద్దు, బ్రీదరు కథ ఇప్పుడే చెప్పాను.

ఎన్నాళ్లకోసారి? కొత్త స్లాషరయితే మొదటి 50 గంటల పనికి తప్పకుండా మార్చాలి. కొత్త గేర్లు ఒకదానికొకటి సర్దుకునేటప్పుడు రాలే పొడి అంతా ఆ ఆయిల్‌లోనే ఉంటుంది. ఆ తర్వాత సాధారణంగా 500 గంటలు లేదా ఏడాది, ఏది ముందైతే అది. మన రైతులకి ఏడాదే ముందొస్తుంది. అద్దెకి తిప్పేవాళ్లకి గంటలు ముందొస్తాయి, వాళ్లు ట్రాక్టరు అవర్ మీటరు చూసి బాక్సు మీద పెయింటుతో రాసుకుంటే మేలు.

చేతిలో పట్టుకునే బ్రష్ కట్టర్లు వాడేవాళ్లు ఇదంతా చదివి ఆయిల్ డబ్బా పట్టుకుని బయల్దేరకండి. దాని చివర ఉండే చిన్న గేరు తలలో ఉండేది గ్రీజు. పక్కనున్న చిన్న బోల్టు తీసి లిథియం గ్రీజు కొద్దిగా ఎక్కించాలి, అంతే. నిండుగా ఎక్కిస్తే వేడెక్కి సీలులోంచి కక్కుతుంది.

పాత ఆయిల్ సంగతి కూడా చెప్పాలి. కాలవలోకో, చెట్టు మొదట్లోకో పోయకండి. వాడిన ఆయిల్‌ని 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కింద లెక్కేస్తారు. మూతున్న డబ్బాలో నీళ్లు కలవకుండా దాచి, పాత ఆయిల్ కొనేవాళ్లకి పంపే సర్వీసింగు షెడ్డులో ఇవ్వండి. చెదలకని పందిరి గుంజలకి పూసేవాళ్లున్నారు. అందులో లోహపు పొడి, కాలిన మందులు ఉంటాయి, చర్మానికి మంచిది కాదు. పశువుల పాకలో అయితే అసలు పూయొద్దు, అవి నాకుతాయి.

కొత్త ఆయిల్ పోశాక ఖాళీగా ఐదు నిమిషాలు తిప్పి, ఆపి, సీళ్ల చుట్టూ బనియన్ వేస్టుతో తుడిచి చూడండి. తర్వాత ఒక ఎకరం గడ్డి కోసి వచ్చి మళ్లీ చూడండి. బాక్సు వేడెక్కడం మామూలే. దాని మీద నీటిచుక్క వేస్తే చుయ్యిమంటే మాత్రం ఎక్కడో తేడా ఉంది, అక్కడితో పని ఆపేయండి. పదిగంటల పని అయ్యాక బాక్సుని డెక్కుకి పట్టి ఉంచే బోల్టులు పానా పెట్టి బిగించుకోండి, అవి ఊగితే సీలు మళ్లీ పోతుంది. అప్పుడే ఇంకోసారి గొట్టం దింపి ఇంత ఆయిల్ సీసాలో పట్టండి. ఫ్లషింగ్‌లో మిగిలిన తేమ ఏదైనా ఉంటే ఇప్పుడు లేతగా మసకబారి కనిపిస్తుంది. కనిపిస్తే ఆ ఆయిల్ మీద ఆశ పెట్టుకోకుండా తీసేసి ఇంకో డబ్బా పోయండి, ఆ తర్వాతే షెడ్డులో పెట్టండి.